అక్టోబర్ కత్తెర

మా నాయన తన కత్తెరను మొదటిసారి ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చెయ్యి నాది కాదు.

సౌదీలోని నజ్రాన్‌లో జనవరి చివర ఒక శుక్రవారం అది. జుమ్మా నమాజు అయ్యాక నాయన నన్ను తన కఫీల్ గారి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని గారి, పాత ద్రాక్ష తోటకు తీసుకెళ్ళాడు. ఆకులన్నీ రాలిపోయి తీగలు ఎండుకట్టెల్లా ఉన్నాయి. తోట వెనక మట్టి మేడ, దాని వెనక బోడి కొండ. కఫీల్ కూతురు నల్ల అబాయా అంచు నడుముకు దోపుకుని, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు వేసుకుని మా కోసం ఎదురు చూస్తోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నాయన జేబులోంచి కత్తెర తీశాడు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన కత్తెర అది. మా తాతది. అనంతపురం నుంచి సౌదీకి వచ్చేటప్పుడు నాయన తెచ్చుకున్న పెట్టెలో బట్టలు కానిది అదొక్కటేనని అమ్మ చెప్పేది. చిన్నప్పుడు దాంతో కాగితం కత్తిరించబోతే నా చేతిమీద ఒక్కటి వేశాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

దాన్ని పిడి ముందుకు తిప్పి ఆమెకు ఇచ్చాడు.

"చెప్పు మే ఆ పాపకు," అన్నాడు నాతో. "పెన్సిలు లావుండే కొమ్మనే పెట్టుకోవల్ల. సన్నగుంటే బలం ఉండదు. మరీ లావుంటే పొగరు, కాయదు."

పొగరును ఇంగ్లీషులో ఏమనాలో తెలియక, లావు కొమ్మకు ఆకులే వస్తాయని చెప్పాను. ఆమె తలూపి, ఒక కొమ్మను వేలితో కొలిచి కోసింది.

"జైన్, బింతీ, జైన్!" అన్నాడు నాయన. బాగుంది బిడ్డా, బాగుంది అని. నన్ను ఆయన "మే" అంటాడు. అరబీలో బింతీ అంటే "నా కూతురా" అని ఆయనకు తెలియదేమో అనుకోవడానికి కూడా లేదు, పన్నెండేళ్ళుగా ఆ దేశంలో ఉన్నవాడు.

ఆ సాయంత్రం డైరీలో ఒకే వాక్యం రాశాను: "కత్తెర ఆమెకిచ్చాడు."

నాయన ద్రాక్ష రైతు కొడుకు. ఊళ్ళో మాకు మూడెకరాల పందిరి ఉండేదట. నాకు గుర్తున్నది పందిరి కాదు, దాన్ని మోసిన రాతి కూసాలు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయి, తీగలు చచ్చిపోయి, పైనున్న ఇనుప కంబీ అమ్ముకున్నాక కూడా ఆ కూసాలు చేలో వరుసగా నిలబడే ఉన్నాయి. నీళ్ళు రాని బోర్లలో మోటార్లు దించీ ఎత్తీ నాయన మోటార్ల పని నేర్చుకున్నాడు. ఆ పనే ఆయనను నజ్రాన్‌లో వ్యవసాయ పంపుల దుకాణానికి చేర్చింది. నాకు పదేళ్ళప్పుడు అమ్మా నేనూ వెళ్ళాం. తర్వాత నా చదువంతా ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా రాసినదే. ఫోనులో దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. బయటివాళ్ళు పలకరిస్తే అమ్మ వెనక్కి జరిగేదాన్ని.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉన్నప్పుడు నాయన దుకాణం ఎర్రబడింది. నితాఖాత్ అంటే, ఒక దుకాణంలో ఎంతమంది సౌదీలు పనిచేస్తున్నారో చూసి దానికి రంగు వేసే లెక్క. నాయన దుకాణంలో ఉన్నది ఇద్దరు పాకిస్తానీలు, ఒక బంగ్లాదేశీ, ఒక యెమెనీ, నాయన. రంగు ఎరుపు వస్తే ఎవరి ఇకామా కూడా రెన్యూ కాదు. ఇకామా లేకపోతే ఉండటానికి లేదు. కఫీల్ గారు రెండు వారాలు ఆలోచించి, చదువు ముగించుకుని ఇంటికొచ్చిన తన కూతురి పేరు దుకాణంలో ఉద్యోగిగా రాయించాడు. దుకాణం ఆకుపచ్చ అయింది. నాయన ఇకామా రెన్యూ అయింది.

"ఆ పాప పేరు మీద మనం కూడు తింటాండాం," అంది అమ్మ, ఉగ్గాని తాలింపు పెడుతూ. మామూలుగా అన్న మాటే. నాకు ఆ పూట తినబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయికి పంపుల మీద ఏ ఆసక్తీ లేదు. తన తాత నాటిన ద్రాక్ష తోట మీద ఉంది. ఆయన పోయాక దాన్ని కౌలుకిచ్చారు. కౌలుదారు మందులు కొట్టి కొట్టి, నేలను రాయిలా చేసి వదిలేశాడు. తోటలో బోరు మోటారు కాలిపోతే నాయన బాగుచేయడానికి వెళ్ళాడు. మోటారు దించాక, చేతులు కడుక్కోకుండానే ఒక తీగ దగ్గరికి పోయి, బెరడు గీకి, ఎండుటాకు నలిపి వాసన చూశాడట. ఆమె అది చూసింది. ద్రాక్ష నీకు తెలుసా అని అడిగింది. నాయనకు అరబీ వచ్చు గానీ అది మోటార్ల అరబీ. వాల్వు, పైపు, రేపు, ఎల్లుండి వరకే పోతుంది. మా నాయన తోట, మా నాయన తోట అని రెండుసార్లు చెప్పి ఆగిపోయాడు. తర్వాతి శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

అలా నేను నోరయ్యాను. నాయన తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో అనేదాన్ని, ఆమె తన నోటుపుస్తకంలో అరబీలో రాసుకునేది. మా నాయన ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. పంపు కాలిందా, అన్నం అయిందా, అంతే. తోటలోకి అడుగు పెడితే చాలు, పదేళ్ళుగా నేను వినని మనిషి మాట్లాడేవాడు. ఏ తీగ ఎప్పుడు అలుగుతుందో, గుత్తి కిందికి గాలి ఎందుకు ఆడాలో, నీళ్ళు ఎప్పుడు ఇచ్చి ఎప్పుడు ఏడిపించాలో, అన్నీ. ఆ మాటలన్నీ నా చెవిలో పడేవి, నా నోటి నుంచే బయటికి పోయేవి. కానీ ఒక్కటీ నాకోసం చెప్పింది కాదు. పెళ్ళిలో వడ్డించేవాళ్ళకు ఆకలి ఉంటుందని ఎవరికైనా గుర్తుంటుందా?

అందుకే ప్రతిసారీ ఇంటికొచ్చి అన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆమె కంటే ఎక్కువ రాశాను. ఆమె వదిలేసినవి కూడా రాశాను.

తోటలో ఏ మందూ వాడకూడదని ఆమె పట్టు. కఫీల్ గారు నవ్వేవాడు, పక్క పొలాలవాళ్ళు నవ్వేవాళ్ళు, నాయన మాత్రం నవ్వలేదు. వాళ్ళ గొర్రెల దొడ్డి నుంచి పెంటంతా తోలించాడు. వేపాకు నూరించాడు. ఏప్రిల్‌లో ఆకుల మీద బూడిద తెగులు కనబడితే, బకాలా అనే కిరాణా కొట్టు నుంచి పది సీసాల లబన్ మజ్జిగ తెప్పించి, ఎండలో మూడు రోజులు పులియబెట్టి, నీళ్ళు కలిపి పిచికారీ చేశాడు. మా ఊళ్ళో పుల్ల మజ్జిగతో చేసేదే.

"ముఅల్లిమ్, ద్రాక్షకు మజ్జిగా?" అని ఆమె నవ్వింది. ముఅల్లిమ్ అంటే గురువు. ఆమె ఆయనను అలాగే పిలిచేది.

"దానికి కడుపులో మంట, చల్లగ పడాల గదా," అన్నాడు నాయన. నేను చెప్పాను. ఇద్దరూ నన్ను దాటి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

తెగులు తగ్గింది.

ఆమె గది కిటికీలోంచి పుస్తకాల బీరువా కనిపించేది. తోటల మీదవి, నేల మీదవి, అట్టల మీద ద్రాక్ష గుత్తులున్నవి. నేను అటు చూడటం గమనించి ఒకసారి ఒక లావు పుస్తకం తెచ్చిచ్చింది. "నాకు చదవడం అంత ఇష్టం లేదు," అన్నాను. నా జీవితంలో నేనాడిన అతి పెద్ద అబద్ధం అది. మూడు రోజులు ఆ పుస్తకం అట్ట కళ్ళముందు ఆడింది.

ఆ వేసవిలోనే ఆ దేశంలో ఆడవాళ్ళకు డ్రైవింగు లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. ఆమె తన తండ్రి పికప్ నడుపుకుంటూ మా బిల్డింగు ముందుకొచ్చి హారన్ కొట్టింది. అమ్మ కిటికీలోంచి చూసి, "మహారాణి వచ్చె, పో," అంది. నేను పక్క సీట్లో కూర్చుని, గేరు మార్చే ఆమె చేతి వైపు చూడకుండా ఉండటానికి దారిపొడుగునా ఖర్జూరపు చెట్లు లెక్కపెట్టాను.

ఆగస్టులో కోత. చిన్న కాయలు, నల్లవి, తోలు మందం, తీపి మాత్రం నాలుక మీద నిలిచేది. సగం తినడానికీ అమ్మడానికీ పోయాయి. సగం పాతకాలపు పద్ధతిలో సిర్కాకు, అంటే వెనిగర్‌కు. అది చేయడం ఆ ఇంటి ముసలావిడకు, అంటే కఫీల్ గారి తల్లికి తెలుసు. ద్రాక్షరసం పులిస్తే మొదట ఏమవుతుందో అందరికీ తెలుసు, ఆ ఊళ్ళో ఆ మాట ఎవరూ నోటితో అనరు. అందుకే ముసలావిడ మొదటి రోజే రసంలో పాత సిర్కా బాగా ఎక్కువగా పోసేది. దారిలో ఇంకోటి కాకుండా నేరుగా పులుపులోకే పోతుందని ఆవిడ లెక్క. ఈస్టు లేదు, గంధకం లేదు, పంచదార లేదు. కాయ తోలు మీదుండే తెల్లటి పొరే దాన్ని పులియబెడుతుంది, అందుకే కాయలు కడగనివ్వలేదు. మట్టి కుండలకు పల్చటి గుడ్డ కట్టి చీకటి గదిలో పెట్టింది. రోజూ పొద్దున ఒక్కో కుండకు చెవి ఆనించి వినేది. నన్నూ వినమంది. లోపల చిన్నగా, వాన మొదలయ్యే ముందు రేకు మీద పడే చినుకుల్లా చప్పుడు. ఆ ఇంట్లో నాకు అసూయ కలగనిది ఆ చప్పుడొక్కటే.

సీసాలకు అంటించే కాగితం ఆమె తన చేత్తో రాసింది. మందు లేనిది, తాత తోటది అని. ఆ తాత పేరు పెద్దక్షరాలతో. నేను కాగితం మొత్తం వెతికాను. మా నాయన పేరు ఎక్కడా లేదు. చెబితే నాయన, "మనదెందుకు మే, తోట వాళ్ళది గదా," అన్నాడు. అందులో బాధ ఏమీ వినిపించలేదు. బాధంతా నేనే పడ్డాను.

ఇంతలో ఫీజు సంగతి. భార్యాపిల్లలను వెంట ఉంచుకున్నవాళ్ళ మీద తలకింతని నెల నెలా ఫీజు ముందటేడే మొదలైంది. ప్రతి జూలైకీ పెరుగుతుందని ముందే చెప్పారు. మా బిల్డింగులో ఒక్కో ఇంటి ముందు కార్గో అట్టపెట్టెలు కనిపించేవి. అవి కనిపించిన నెలలోపు ఆ ఇంటి పిల్లల గొంతులు వినిపించకుండా పోయేవి. సెప్టెంబరులో ఒక రాత్రి భోజనాల దగ్గర నాయన తల ఎత్తకుండా చెప్పాడు.

"వచ్చే జూలై లోపల నువ్వూ పాపా ఫైనల్ ఎగ్జిట్ కొట్టుకుని ఊరికి పోండి. నేనింకా రెండేండ్లు చేసి వస్తా."

అమ్మ ఏడవలేదు. "సరే, ఫ్రిజ్జు ఎవురికి ఇస్తాం?" అంది.

నేను మాత్రం వేరే లెక్క వేసుకున్నాను. అక్కడ తీగలు కోసేది ఏడాదికి ఒక్కసారి, జనవరిలో. అంటే నాకు మిగిలింది ఒక్క జనవరి. ఆ జనవరిలో నాయన కత్తెర నా చేతికి రావాలి. రాకపోతే మా తాత నుంచి వచ్చిన పని ఆ మట్టి మేడ పిల్లకు చేరుతుంది, నాకు డైరీ మిగులుతుంది.

మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "నాయనా, ఈసారి కటింగు నేను చేస్తా."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "నీకేంటికి మే ఎండలో? నువ్వు కోస్తే ఆ పాపతో మాట్లాడేది ఎవురు? నువ్వు చెప్పు, ఆ పాప కోస్తాది."

అమ్మ లోపలి నుంచి అంది: "నోట్లో నాలుక లేని పిల్లను పట్టుకుని నోరు చేసుకున్న్యాడు మీ నాయన."

ఆ తర్వాతి శుక్రవారమే, తోట గోడ నీడలో కూర్చుని గహ్వా, అంటే అరబ్బు కాఫీ, తాగుతూ నాయన ఊరి కబుర్లలో పడ్డాడు. "మన ఊర్లో రెండు కటింగులు. ఏప్రిల్లో కోసేది చెట్టు కోసం. చిగురొచ్చే కన్ను ఒక్కటి పెట్టి మిగిలిందంతా కొట్టేయల్ల. అక్టోబర్‌లో కోసేది కాయ కోసం. ఆకంతా దూసేసి, కండ్లు లెక్కబెట్టి, ఐదో కన్ను పైన కోస్తే, నలభై దినాలకు తోటంతా పూత వాసన. మా నాయన అక్టోబర్ కత్తెర పడితే మాట్లాడేటోడు కాదు. ఆ కత్తెర తెలిసినోడే ద్రాక్ష రైతు."

కఫీల్ కూతురు నోటుపుస్తకం తెరిచి, "ఏమంటున్నాడు?" అని నన్నడిగింది.

"ఏం లేదు," అన్నాను. "మా ఇంటి మాటలు."

ఆమె పుస్తకం మూసింది. నేను అన్ని నెలల్లో మొదటిసారి కడుపు నిండినట్టు గహ్వా తాగాను.

అక్టోబర్‌లో నాయనను ఎడారి వైపు పొలాలకు పంపారు. చాలా మోటార్లు ఒకేసారి దించే పని, మూడు వారాలపైన పడుతుందన్నారు. పొద్దున పూట కఫీల్ కూతురు దుకాణంలో కూర్చోక తప్పేది కాదు. పేరు రాసిన సౌదీలు నిజంగా వస్తున్నారో లేదో చూడటానికి తనిఖీ అధికారులు వస్తున్నారు. ముసలావిడకు దుప్పట్లు కుట్టడంలో సాయానికి అమ్మ వెళ్ళేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవాళ్ళు. ఒక మంగళవారం నేనూ వెళ్ళాను. కత్తెర పంపు గదిలో పనిముట్ల పెట్టెలో ఉంటుందని నాకు తెలుసు.

గోడ పక్కనున్న మొదటి వరుస పట్టుకున్నాను. పద్నాలుగు తీగలు. డైరీ నేల మీద తెరిచి, గాలికి తిరగకుండా పేజీ మీద రాయి పెట్టాను. ఆకులు దూశాను. కండ్లు లెక్కపెట్టాను. ఐదో కన్ను పైన, వేలు వెడల్పు వదిలి, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోశాను. మొదటి నాలుగు తీగల దగ్గర ప్రతి కోతకూ డైరీ చూసుకున్నాను. ఐదో దాని నుంచి కత్తెర చప్పుడు మారింది. కరకరమని కాకుండా, టప్పుమని ఒక్కసారి. నాయన చేతిలో వినిపించే చప్పుడు అది. కోసిన రెమ్మలు గొర్రెలకు వేశాను, సాక్ష్యం మిగలకుండా తినేశాయి. ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను.

పన్నెండు రోజులకు కండ్లు ఉబ్బాయి. మూడు వారాలకు గోడ పక్క వరుసంతా లేత ఆకుపచ్చ. మిగతా తోటంతా పసుపెక్కి ఆకు రాలుస్తుంటే ఆ ఒక్క వరుస పెళ్ళికూతురిలా నిలబడింది. కఫీల్ కూతురు చూసి కేకే పెట్టింది. ఫోటోల మీద ఫోటోలు తీసింది. ఇది నాయన వెళ్ళేముందు చేసిన పని అనుకుంది. "ముఅల్లిమ్ దగ్గర మనకు చెప్పని రహస్యాలున్నాయి," అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా లోపల దీపావళి.

నవంబరు మొదట్లో నాయన తిరిగొచ్చాడు. మరునాడే శుక్రవారం. తోటలోకి వస్తూనే గోడ వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికి పోయి ఒక చిగురు వెనక్కి తిప్పాడు. ఆకుల మధ్య గసగసాలంత మొగ్గల గుత్తి ఉంది. ఆయన మొహంలో సంతోషం కోసం చూశాను. లేదు.

"అడుగు మే, ఈ వరస ఎవురు కోసినారో."

నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి ఆమెను అడగాల్సి వచ్చింది. నేను చేసిన పని ఎవరు చేశారని. ఆమె తెల్లబోయి, "ఆయన కాదా?" అంది.

"ఆమెకు తెల్దంట," అన్నాను నాయనతో.

నాయన ఆమె మొహం, నా మొహం చూశాడు. ఆమే కోసి, భయపడి దాస్తోందని అనుకున్నాడు. ఆయన గొంతు మెత్తబడింది. నా పుట్టుకలో నాతో అంత మెత్తగా మాట్లాడలేదు. "మాలేష్, బింతీ, మాలేష్," అన్నాడు. పర్వాలేదు బిడ్డా అని. తర్వాత నాతో, "చెప్పు, నేర్చుకునేటోళ్ళు తప్పు చేస్తారు. కత్తెర పట్టినోళ్ళే తప్పు కోస్తారు, పట్టనోళ్ళకు యాడిది తప్పు? భయపడొద్దని చెప్పు."

ఆ మాటలు నేను అనువాదం చేయలేకపోయాను. తప్పు నాది, దానికి దొరికిన క్షమ కూడా ఆమెకే పోతోంది. నిజాయితీ వల్ల ఒప్పుకున్నానని రాసుకుంటే బాగుంటుంది గానీ, అది కాదు. ఆ మెత్తదనం ఇంకొకరి దగ్గరికి పోతుంటే ఓర్వలేక ఒప్పుకున్నాను.

"నేను కోసినా నాయనా," అన్నాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

నాయన తీగల వెంట నడిచి ప్రతి కోత మీదా బొటనవేలు పెట్టి చూశాడు. పద్నాలుగు తీగలూ చూశాడు.

"యాడ నేర్చుకుంటివి?"

"నువ్వు చెప్పిందే. రాసుకున్నా."

"కోత బాగుండాది," అన్నాడు. ఆగి, "నెల బాగలేదు," అన్నాడు. "అది మన ఊరి కత్తెర మే. మన తీగ నిద్రపోదు. దానికి చలి తెలీదు, ఏడాదంతా మేలుకునే ఉంటాది. అందుకే రెండుసార్లు కోసి పని చెప్పల్ల. ఇది నిద్రపోయే జాతి. పడుకోబోయే దాన్ని లేపినావు. ఇప్పుడు చలిలో పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడాది."

కఫీల్ కూతురు ఏమంటున్నాడని అడిగింది. ఈసారి అంతా చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. "ఇది మా తాత మొట్టమొదట నాటిన వరుస," అంది. తర్వాత, కాస్త తగ్గి, "నన్ను అడిగి ఉండాల్సింది. నీకొక వరుస ఇచ్చేదాన్ని," అంది.

ఆమె మంచిగానే అంది. నాకు మాత్రం ఇంకా మండింది. ఇవ్వడానికి ఆమె దగ్గర వరుసలున్నాయి.

డిసెంబరంతా సాయంత్రాలు ఆ వరుసకు గోనె పట్టాలు కప్పేవాళ్ళం, పొద్దున తీసేవాళ్ళం. నాయన, ఆమె, నేను. పూత వచ్చింది, ఆ వాసన నాయన చెప్పినట్టే ఉంది. ఒక పొద్దున ఆయన పట్టా తీసి, లోపలికి తల పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. జనవరి మొదటి వారంలో మూడు రాత్రులు గట్టి చలి పడింది. నాలుగో పొద్దున పట్టాలు తీస్తే చిగుళ్ళన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి.

ఆ నెలాఖరుకు తోటంతా కటింగు. నాయన కత్తెర తీసి నాకిచ్చాడు. బహుమానంగా కాదు.

"నువ్వు లేపినావు, నువ్వే పండబెట్టు."

గోడ వరుస నేనే కోశాను. చచ్చిన ప్రతి చిగురూ, కింద బతికున్న కన్ను దాకా. నాయన నా వెనక నిలబడి, ఒకటి రెండుసార్లు నా మణికట్టు పట్టుకుని కోణం తిప్పాడు. ఆ చెయ్యి గ్రీజు వాసన వేసింది. కఫీల్ కూతురు కొత్తగా కొన్న ఎర్రపిడి కత్తెరతో మిగతా తోట కోసింది. మధ్యాహ్నానికి ఆమె పదకొండు వరుసలు చేసింది, నేను ఒక్కటి. ఆమె కోతలు చూసి నాయన "జైన్" అన్నాడు. నా కోతలు చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎక్కువా తక్కువా అని ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు తర్కించుకున్నాను.

జూన్‌లో అమ్మా నేనూ వచ్చేశాం. కత్తెర అడగలేదు. తోట అక్కడుంది, కత్తెర అక్కడే ఉండాలి. కఫీల్ కూతురు మమ్మల్ని బస్సు దాకా పికప్‌లో దింపి, ఒక సిర్కా సీసా, ఆ లావు పుస్తకం నా సంచిలో పెట్టింది. సీసా మీద కొత్త కాగితం ఉంది. వాళ్ళ తాత పేరు కింద, చిన్న అక్షరాలతో, మా నాయన పేరు. అది చూసి సంతోషించాలి కదా. అదైనా నేను అడిగి రాయించినది కాకపోయిందే అనుకున్నాను.

ఊళ్ళో కూసాలు అలాగే ఉన్నాయి. ఇంటికి దగ్గరగా ఉన్న నాలుగు కూసాల మధ్య, పక్క ఊరి తోట నుంచి తెచ్చిన ఆరు కొమ్మలు నాటాను. ఆరింటికి ఇంటి కొళాయి నీళ్ళు చాలు. పెంట వేశాను, పుల్ల మజ్జిగ కొట్టాను. దారినపోయేవాళ్ళు, "మజ్జిగ మాకు పోయి పాపా, దానికేంటికి?" అనేవాళ్ళు. కొమ్మలు కూసాలెక్కి, కొత్తగా కట్టిన కంబీ మీద పాకడానికి దగ్గర దగ్గర రెండేళ్ళు పట్టింది. మేము వచ్చేశాక రెండేళ్ళు చేస్తానని నాయన అన్నది ఇంకా పూర్తి కాలేదు.

మొన్న ఏప్రిల్‌లో మొదటి కటింగు. అనంతపురంలో కొన్న మామూలు కత్తెరకు సైకిల్ ట్యూబు చుట్టాను. ఫోనును కూసానికి ఆనించి నాయనకు వీడియో కాల్ చేశాను. ఆయన తోటలోనే ఉన్నాడు, శుక్రవారం కదా. వెనక గోడ పక్క వరుస కనిపిస్తోంది. బతికింది, ఆకు నిండుగా ఉంది.

"రెండో కన్ను కాదు మే, మొదటిది. ఏప్రిల్‌ది చెట్టు కోసం. కాయ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంగా కిందికి. ఇంగా. ఆఁ, ఆడ."

ఆయన మాటలు నేరుగా నాకే వస్తున్నాయి. నేను ఎవరికీ అందించక్కర్లేదు. తెర అంచున ఒక నల్లటి అబాయా భుజం వచ్చింది, చేతిలో నోటుపుస్తకం. ముఅల్లిమ్, ఏమంటున్నావు, ఆమెకు ఏం చెబుతున్నావు అని అడుగుతోంది.

నాయన తన మోటార్ల అరబీలో వెతుక్కున్నాడు. దొరకలేదు.

"కలామ్ బైత్, బింతీ," అన్నాడు. ఇంటి మాటలు, బిడ్డా.

ఆ బింతీ ఇంకా గుచ్చుకుంది. అయినా ఆమె అక్కడే నిలబడి, అర్థంకాని తెలుగు వింటూ, పుస్తకం తెరిచి మళ్ళీ మూయడం నేను చూశాను. చూసి, తొందరపడకుండా, నాయన చెప్పిన చోట కోశాను. టప్పుమంది.